తీగ చివరి యిల్లు

సెలవుదినములలో మగపిల్లలును, ఇప్పుడు ఆడపిల్లలును, కంప్యూటరు ముందు కూర్చుండి కట్టుచున్న కర్మాగారములను సోదరీమణులు చూచియే యుందురు. చెక్ దేశీయులు నిర్మించి 2020వ సంవత్సరమున సంపూర్ణరూపమున వెలువరించిన ఫ్యాక్టోరియో యను ఆట వానిలో ప్రసిద్ధమైనది. మనుష్యులు లేని యొక గ్రహముపై బడిన యంత్రశిల్పి గనులు త్రవ్వి, ఇనుము కరగించి, యంత్రములచేతనే యంత్రములను చేయించుట అందలి కథ. అన్నము చల్లారుచున్నదని పిలిచి పిలిచి విసిగిన తల్లులు దీనిని నిందింతురు. నేను నిందింపను. ప్రక్కన కూర్చుండి చూచితిని. ఇందు బుద్ధికి తగిన పని యున్నది. కాని యందలి విద్యుచ్ఛక్తి విషయమున నాకొక యాక్షేపణ గలదు.

నీరు తోడు పంపు, బొగ్గు మండు బాయిలరు, ఆవిరి యంత్రము, వీనిని వరుసగా నిలిపినచో ఆటలో కరెంటు పుట్టును. ఒక్కొక్క యావిరి యంత్రము 900 కిలోవాట్ల నిచ్చును. ఇరువదియైదింటిని నిలిపిన 22.5 మెగావాట్లగును. 1920లో నిజాము ప్రభుత్వము హుస్సేన్‌సాగరు గట్టున నెలకొల్పిన విద్యుత్కేంద్రపు శక్తియు నంతియే! ఒక రాజ్యము పూనుకొని చేసినదానిని పదునాలుగేండ్ల పిల్లవాడు భోజనమునకు ముందు పూర్తిచేయుచున్నాడు. అందుకు నేను సంతోషింతును. అయితే హుస్సేన్‌సాగరు కడ కరెంటు పుట్టినంతనే పని ముగియలేదు. అది మూసీ దాటి పాతబస్తీ సందులలోనికి రావలసియుండెను. ఆట మఱచినది ఆ దారినే.

ఆటలో నొక స్తంభము కడ పుట్టిన కరెంటు వేయి స్తంభముల యావలికి ఒక్క పిసరు తరుగక చేరును. తీగ వేడెక్కదు, ఇంతకు మించి మోయజాలనని యనదు. నిజమైన తీగ యట్టిది కాదు. ప్రవాహము రెండింతలైన నందలి నష్టము నాలుగింతలగును. అందుచేతనే వోల్టేజిని పది రెట్లు పెంచి, ప్రవాహమును పదియవ వంతునకు దించి దూరములకు పంపుదురు. అప్పుడు నష్టము నూఱవ వంతే. ఇంటి దగ్గఱ మరల దించవలెను. ఆకాశగంగ తిన్నగా పడినచో భూమి తాళజాలదని పరమేశ్వరుడు జటాజూటమున బట్టి పాయగా విడిచిన కథ మనమెఱుగుదుము గదా. వీథి మలుపున నున్న ట్రాన్స్‌ఫార్మరుది యా జటాజూటపు పని. 11,000 వోల్టులను పట్టి మన గడపకు 230గా విడుచును.

అక్కడనుండి తీగ సందు వెంబడి పోవును. చెఱువు క్రింద సేద్యము చేయు కుటుంబములలో పుట్టినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. తూము దగ్గఱి మడికి నీరు నిండుగ నుండును. కాలువ చివరి మడివాడు ఆకాశము చూచుచుండును. లాల్‌దర్వాజ వంటి యిఱుకు సందులలో వేసవి రాత్రి ప్రతి యింట ఏసీ తిరుగునపుడు, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్క యింటివారికి దీపము తెల్లగ వెలుగును. సందు కొసనున్న యిల్లాలి ఫ్యాను ఱెక్కలు లెక్కపెట్టుకొనవచ్చును.

ఆట యీ కొఱతను మిక్కిలి ధర్మముగ పంచును. నూఱు కావలసినచోట ఎనుబదియే యున్న, ప్రతి యంత్రమును ఎనుబది పాళ్ల వేగముతో నడచును; దేనికిని హాని లేదు. మన యిండ్లలో నట్లు జరుగదు. వోల్టేజి పదియవ వంతు తగ్గిన, నీళ్లు కాచు గీజరు వేడిమి యైదవ వంతు తగ్గును. ఫ్రిజ్ మోటారు తన పని నెట్లయిన చేయవలెనని మఱింత ప్రవాహమును లాగి, లోపలి చుట్టలను వేడెక్కించుకొని కడకు మాడిపోవును. దానిని కాపాడుకొనుటకు చివరి యిల్లాలు స్టెబిలైజరు కొనును. అదియు తగ్గిన వోల్టేజిని పెంచుటకు తీగనుండి ఎక్కువ ప్రవాహమును లాగునదే. పొరుగింటివారి వోల్టేజి ఇంకను క్రుంగును. వారును కొందురు. డబ్బున్నవారు కొనగలరు, గాజులు చేసి పొట్ట పోసికొను ఇల్లాలు బల్బు మసకబాఱగనే పని కట్టిపెట్టును.

ఒక్క విషయమున ఆట నిజమునకు దగ్గఱగ నున్నదని యొప్పుకొనవలెను. బాయిలరులో బొగ్గు వేయు చేతులు కరెంటుతోనే నడచునవైనచో, కొఱత వచ్చినపుడు చేతులు మందగించును, బొగ్గు తగ్గును, కరెంటు ఇంకను తగ్గును, తుదకంతయు చీకటి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరభారతమున విద్యుత్తు కూలినది. రెండవనాడు అఱువది కోట్లకు మించిన జనులున్న ప్రాంతమున కరెంటు పోయినది. చల్లారిన బొగ్గు కేంద్రమును మరల రగిల్చుటకును బయటి కరెంటే కావలెను. అందుచే ముందుగ జలవిద్యుత్కేంద్రములు లేచి తక్కినవానిని లేపవలసియుండును. మన దక్షిణాది వల అప్పటికి వేఱుగ నుండుటచే మనకా చీకటి తప్పినది. రాయచూరు–షోలాపూరు లైనుతో మనము దేశపు వలలో కలిసినది 2013 డిసెంబరు 31న.

నిజమునంతయు ఆటలోనికి దింపవలెనని నేననను. మీటరు చూచుట, బిల్లునకు వరుసలో నిలుచుట దింపినచో ఎవ్వరాడుదురు? తీగకు మోత మితిని కల్పించి, మితి మించిన స్తంభము కాలిపోవునట్లు చేయు చేర్పులను ఆడువారే కొందఱు చేసియున్నారు, మంచిదే. దూరమునుబట్టి తరుగుదలయు చేర్చవలెను. అంతకంటె నాకు ముఖ్యమైనది వేఱొకటి. శక్తి చాలనపుడు నిజలోకమున నెవ్వరో యొకరు కూర్చుండి, ఏ ఫీడరును ఆర్పవలెనో నిర్ణయింతురు. కొఱత తనంత తాను సమముగ పంచబడదు. ఆటలోను ఒక మీట యున్నది. బ్యాటరీలలో నిల్వ తగ్గినపుడు ఒక భాగమును విడదీయునట్లు దాని నమర్పవచ్చును. కాని యా గ్రహమున మనుష్యులు లేరు గనుక, విడదీయబడునది యెప్పుడును ఒక యంత్రమే.

ఆట చేయువారు కొస స్తంభమునకు ఒక యిల్లు తగిలించిన బాగుండును. అందు ఒక దీపము, ఒక ఫ్యాను, పరీక్షకు చదువుకొను పిల్ల యొకతె. అప్పుడు శక్తి చాలనినాడు మన చిరంజీవి మొదట దేనిని ఆర్పునో చూడవలెనని నాకు కుతూహలముగ నున్నది.