బిస్ట్రో బల్ల మీద బోజొలే
ఫ్రెంచి బిస్ట్రోలో కూర్చుని ఖరీదైన బోర్దో వైన్ కోసం మెనూ తిరగేసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఉల్లిపాయల సూప్‌కీ, వేయించిన సాసేజ్‌కీ అంత హంగెందుకు? లియోన్ నగరంలో బుషోన్‌లనే చిన్న భోజనశాలలు ఈ సంగతి ఎప్పుడో తేల్చేశాయి. అక్కడ వైన్ ‘పో’ అనే, అడుగు మందంగా ఉండే సీసాలో వస్తుంది. పట్టేది 46 సెంటీలీటర్లు. అందులో తరచూ ఉండేది పొరుగునున్న బోజొలే కొండల్లో గామే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ ద్రాక్షను తిట్టిపోసి, తీగలు పీకేయమని ఆజ్ఞ జారీచేశాడు. పాపం, పంది మాంసపు సాసేజ్‌తో తాగి చూసి ఉండడు! ఈ వైన్‌లో వగరు తక్కువ, పులుపు చురుకు. అందుకే నాలుక మీది కొవ్వును ఇట్టే కడిగేస్తుంది. వేపుడు తర్వాత చారు చేసే పనే అది. కాస్త చల్లబరిచి తాగాలి, అంతే. నవంబరు మూడో గురువారం హడావిడిగా దిగే కొత్త వైన్ ‘నూవో’ సీసాలను చూసి మొత్తం బోజొలేనే తీసిపారేయకండి. మోర్గోన్ ఊరి వైన్ కొన్నేళ్లు నిలవుంచినా బాగుంటుంది. ఆల్చిప్పలు తెప్పించిన రోజు మాత్రం నేను మాట మార్చేస్తాను: లువార్ నది సముద్రంలో కలిసేచోటి ముస్కాదే వైన్ కావాలి.