మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత

సంక్రాంతి సంబరాలు ముగిసిన రెండో వారంలో డాలస్ చుట్టుపక్కల చాలా తెలుగు ఇళ్ళల్లో టీవీలు ఒకేరోజు నల్లబడ్డాయి. కరెంటు పోలేదు, ఇంటర్నెట్టూ పోలేదు. ఏడాది డబ్బు ముందే కట్టించుకుని ఎవరో తెచ్చి బిగించిన తెలుగు చానళ్ళ ‘బాక్సు’ ఆగిపోయింది. అమ్మినతని ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తే నాథుడు లేడు. ఒకరింట్లో గొడవ అక్కడితో ఆగలేదు. బాక్సు మళ్ళీ పనిచేయించే లింకు అంటూ మెసేజి వస్తే, పెద్దాయన అందులో కొడుకు కార్డు నంబరు కొట్టేశారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఏమన్నారో ఇక్కడ రాయక్కర్లేదు.

ఆ బాక్సుల్లో వచ్చేది దొంగసరుకని తెలియక కొన్నవాళ్ళు తక్కువే. మన తెలుగు సంఘం వాట్సాప్ గుంపులో వాటి ప్రకటనలు వద్దని కార్యవర్గం నిరుడే చెప్పింది. వద్దన్నందుకు నిష్ఠూరాలు కూడా పడింది.

అయితే పోయిన డబ్బు కంటే ఈ పత్రిక సంపాదకవర్గాన్ని ఎక్కువ కలతపెట్టింది మరో సంగతి. తెనాలి నుంచి ఆరు నెలలుండి వెళదామని వచ్చిన ఒక సభ్యుడి తల్లిగారు, తెర నల్లబడగానే తప్పు తనదే అనుకున్నారు. రిమోటులోంచి బ్యాటరీలు తీసి, చీర చెంగుతో తుడిచి, అరచేతుల్లో దొర్లించి మళ్ళీ వేశారు. అలా ఎన్నిసార్లు చేశారో. సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి ఆమె ఒళ్ళో రిమోటు, ఎదురుగా నల్ల తెర. “ఏం పాడుచేశానో ఏమోనమ్మా” అన్నారట. పొద్దున ఎనిమిదికి అందరూ వెళ్ళిపోతే మళ్ళీ ఇంట్లో తెలుగు మాట వినపడేది సాయంత్రం ఆరింటికే. కారు నడపడం రాదు, పక్కింటివాళ్ళతో మాట్లాడే భాష లేదు. ఆ బాక్సే ఆమెకు అరుగు.

ఆమె అడిగింది సీరియళ్ళు కాదు, రేడియో. “బెజవాడ స్టేషను ఇక్కడ రాదా నాయనా?” అని.

వస్తుంది. పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ప్రసారభారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్, విశాఖపట్నం, కడప కేంద్రాలన్నీ దొరుకుతాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణకు దూరదర్శన్ యాదగిరి, ఆంధ్రకు సప్తగిరి వేరుపడ్డాయి. రెండింటికీ యూట్యూబ్ చానళ్ళున్నాయి. 2024 నవంబరులో గోవా చిత్రోత్సవంలో మొదలుపెట్టిన వేవ్స్ యాప్ ఒకటి అదనం. ఈ నాలుగు ముక్కలూ తెలియక కాదు, అమ్మ ఫోనులో పెట్టి చూపించే తీరికే ఎవరికీ లేకపోయింది.

పెట్టినవాళ్ళకు ఒక తమాషా ఎదురైంది. ఇండియాలో ఉదయం ఏడు గంటల వార్తలు ఇక్కడ చలికాలంలో రాత్రి ఏడున్నరకు, మార్చిలో గడియారాలు ముందుకు జరిపాక ఎనిమిదిన్నరకు వస్తాయి. అంటే అక్కడి సుప్రభాతం ఇక్కడ సాయంత్రపు దీపాల వేళ. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు తీర్చిదిద్దిన భక్తిరంజని పొయ్యి మీద చారు మరుగుతుండగా, మనవడు హోంవర్కు చేసుకుంటుండగా వినిపిస్తుంది. ఇదేమీ చెడ్డ ఏర్పాటు కాదు. పిల్లవాడి చెవిన నాలుగు తెలుగు మాటలు పడతాయి.

చిక్కంతా పగలే. తెలుగు కేంద్రాల్లో చాలావరకు రాత్రి పదకొండు దాటాక ప్రసారం ముగించి, మళ్ళీ ఉదయం ఆరు కావస్తుండగా మొదలుపెడతాయి. వేసవి గడియారం ప్రకారం అది డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే గంటలూ ఆకాశవాణి నిద్రపోయే గంటలూ చాలావరకు ఒకటే. యాప్ పెట్టేసి ఆఫీసుకు పోయిన కొడుకు, మధ్యాహ్నం ఫోన్ చేసి “వింటున్నావా అమ్మా?” అంటే ఆమె వింటున్నది నిశ్శబ్దం. యాప్ పాడైందనో, మళ్ళీ తనే ఏదో నొక్కాననో అనుకోవడం ఆవిడ వంతు.

ఆ ఏడు గంటలకు కావలసింది దాచిపెట్టుకున్న సరుకు. ప్రసారభారతి ఆర్కైవ్స్ యూట్యూబ్‌లో పెడుతున్న పాత రికార్డింగులు ఉన్నాయి. దూరదర్శన్ పాత కార్యక్రమాలు ఉన్నాయి. ఉషశ్రీ రేడియోలో చెప్పిన రామాయణ భారతాలు శ్రోతల పుణ్యమా అని దొరుకుతున్నాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్‌బీఎస్ తెలుగు విభాగం పాడ్‌కాస్టులు ఇక్కడా వినవచ్చు. 2017 అక్టోబరు 2న మొదలైన బీబీసీ తెలుగు ఎలాగూ ఉంది. ఇవన్నీ ఒక వరుసలో పేర్చి, ఒక్క మీట నొక్కితే మోగేలా చేసి ఇవ్వాలి. అరగంట పని. నాలుగు టీవీలున్న ఇంట్లో, తలుపు గంటను కూడా ఫోనుకు కలిపిన ఇంట్లో, అమ్మకు ఒక్క తెలుగు మీట లేకపోవడాన్ని ఏమనాలి? కఠినంగా ఉందనుకుంటే సభ్యులు మన్నించాలి. సంపాదకవర్గంలోనూ ఇద్దరి ఇళ్ళల్లో ఇదే కథ.

దూరదర్శన్ యూట్యూబ్‌లో క్రికెట్ ఎందుకు రాదని అడిగినవారికి ఒక మాట. 2007 నాటి చట్టం ప్రకారం ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు దూరదర్శన్‌తో పంచుకోవాలి. కానీ అది దూరదర్శన్ సొంత టవర్లకూ ఫ్రీ డిష్‌కూ మాత్రమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇండియాలో కేబులుకే దక్కనిది అమెరికాలో యూట్యూబ్‌కు ఎలా వస్తుంది? పరాయిదేశం వాళ్ళకు తలుపు వేయడం దూరదర్శన్ ఒక్కటే కనిపెట్టిందీ కాదు. బీబీసీ ఐప్లేయర్ బ్రిటన్ దాటితే తెరుచుకోదు. బీబీసీ రేడియో యాప్ సౌండ్స్‌ను కూడా 2025 జూలైలో విదేశీ శ్రోతలకు మూసేశారు.

తలుపు తెరిచే ఉన్నప్పుడు వినేవాళ్ళు ఎంతకైనా మేలుకుంటారు. నిరుడు శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం ముహూర్తం ఇక్కడి లెక్కకు రాత్రి ఒంటిగంటన్నర. ఒక సభ్యుడి తండ్రిగారు దుప్పటి కప్పుకుని, ఇంట్లోవాళ్ళు లేవకుండా ఫోను చెవికి ఆనించుకుని వ్యాఖ్యానం విన్నారు. జీలకర్రా బెల్లం ఘట్టానికి దుప్పటి తీసి కూర్చున్నారట. పొద్దున ఆయనే చెప్పారు, కాస్త సిగ్గుపడుతూ.

ఉగాది తర్వాతి శనివారం గ్రంథాలయం చిన్న హాల్లో సంఘం కుర్రాళ్ళు పెద్దల ఫోన్లూ టాబ్లెట్లూ సరిచేసి ఇస్తారు. పెద్దలను పంపి ఊరుకోకుండా పిల్లలూ వెంట రావాలి. పాస్‌వర్డ్ తెలియక వెనక్కి వెళ్ళినవారు కిందటిసారి చాలామంది. బాక్సుల్లో డబ్బు పోగొట్టుకున్నవారికి సంఘం నుంచి పరిహారం ఉండదు, దయచేసి కోశాధికారిని అడగవద్దు.

వేసవి సంచికకు రచనలు మే 10లోగా అందాలి, చేతిరాత అయినా సరే. చిరునామా మారినవారు తెలియజేస్తే పత్రిక తిరిగి రాదు. సంబరాల్లో మిగిలిన స్టీలు గిన్నెలు రెండు కార్యదర్శిగారి గరాజులో ఉన్నాయి. ఒకదాని అంచున పేరు చెక్కించి ఉంది గాని సగం అరిగిపోయింది, చివర ‘మ్మ’ ఒక్కటే తెలుస్తోంది.