అండమాన్ అడవికి తడి నేలే కాపలా

కార్చిచ్చు మాట రాగానే ఢిల్లీ పెద్దలు హెలికాప్టర్ వైపు చూడడం నేను గమనిస్తూనే ఉన్నాను. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండలు తగలబడినప్పుడు, 2016లోను, 2024లోను ఉత్తరాఖండ్ అడవులు మండినప్పుడు వైమానిక దళం రంగంలోకి దిగింది. ఆకాశం నుంచి నీరు కుమ్మరించడం చూడముచ్చటగానే ఉంటుంది. కాని అది మంట జోరును తగ్గించగలదే తప్ప, పూర్తిగా ఆర్పవలసింది నేల మీది మనుషులే. ఎండుటాకులు ఊడ్చి, వేసవికి ముందే అగ్నిరేఖలు తీసిన చోటే నిప్పును నిలువరించడం సాధ్యం. తక్కినదంతా ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

అండమాన్ నికోబార్ దీవుల సంగతి వేరు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ సతతహరితారణ్యాల్లో కొమ్మల పందిరి కింద నేల తడి ఆరదు. దావానలానికి అక్కడ అడవే అడ్డుగోడ. విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, సముద్రం నడుమ ఉన్న దీవులకు అంతకు మించిన అగ్నిమాపక దళాన్ని ఏ ప్రభుత్వమూ పంపజాలదు.

గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు 2022లో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. రేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రాల కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని వినియోగించాలన్నారు. బదులు మొక్కలు హర్యానాలో నాటాలన్నది ప్రతిపాదన! పందిరి తొలగిన చోట ఎండ నేలను తాకుతుంది. నరికిన కొమ్మ ఎండుతుంది. రోడ్డు వెంట మనిషీ, మనిషి వెంట అగ్గిపుల్లా వస్తాయి. హర్యానా మొక్క నికోబార్ నేలను తడిగా ఉంచగలదా?

దేశ భద్రత అవసరాలను నేను కాదనను. అయితే ఎక్కడ నరికితే ఎంత మేర ఎండుతుంది, అక్కడ నిప్పు పుడితే ఎవరు, ఎన్ని గంటల్లో చేరుకుంటారు అన్న లెక్కను గొడ్డలి పడకముందే పార్లమెంటు ముందుంచాలి. ఉన్న కాపలాదారును సాగనంపి, దొంగ పడ్డాక కొత్తవాణ్ణి వెతకడం పరిపాలన అనిపించుకోదు.