గుండెపోటు తరువాతి వారం

గుండెపోటు వచ్చి, చికిత్స జరిగి, నొప్పి తగ్గగానే ఇంటిల్లిపాదీ ‘గండం గడిచింది’ అనుకుంటారు. అధికశాతం రోగుల విషయంలో అది నిజమే. అరుదుగా కొందరికి మాత్రం మరో గండం ఆ తరువాతి రోజుల్లోనే పొంచి ఉంటుంది.

రక్తం అందక చనిపోయిన గుండె కండరం వెంటనే మచ్చకట్టి గట్టిపడదు. మొదటి వారంలో అది నానిన అట్టలా మెత్తబడి ఉంటుంది. గుండె మాత్రం క్షణమైనా ఆగక కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి మెత్తని చోటు చిరగవచ్చు. ఇది మొదటి 24 గంటల్లో గాని, మూడు నుండి ఐదు రోజుల మధ్య గాని ఎక్కువగా జరుగుతుంది. రెండు వారాల వరకూ భయం ఉంటుంది.

రెండు జఠరికల నడిమి గోడకు రంధ్రం పడితే రక్తం ఎడమ నుండి కుడికి దూకి ఊపిరితిత్తులపై భారం మోపుతుంది. స్టెతస్కోపులో అంతకుముందు లేని కరకు శబ్దం వినిపిస్తుంది. మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే చిన్న కండరం తెగితే రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. ఇక్కడ శబ్దం మెల్లగా ఉండవచ్చు, అసలే వినిపించకపోవచ్చు. కనుక శబ్దం లేదని నిశ్చింతగా ఉండే వీలు లేదు. గుండె వెలుపలి గోడే చిరిగితే రక్తం చుట్టూ ఉన్న పొరలో చేరి గుండెను నొక్కివేస్తుంది. అప్పుడు వ్యవధి నిమిషాలే.

మంచం వద్దనే చేసే ఎకో పరీక్ష ఈ మూడింటినీ చాలావరకు పట్టిస్తుంది. మందులు, బెలూన్ పంపు కొంత ఊరటనిస్తాయి గాని చిరిగినదాన్ని సరిచేసేది ప్రధానంగా శస్త్రచికిత్సే. నడిమి గోడ రంధ్రాన్ని అలా మూసిన తొలి శస్త్రచికిత్సను 1957లో డెంటన్ కూలీ బృందం ప్రకటించింది. కవాటపు కండరం తెగితే జాప్యం పనికిరాదు. నడిమి గోడ విషయం వేరు: నానిన గుడ్డకు కుట్టు నిలవదు గదా! రోగి నిలకడగా ఉంటే కండరం గట్టిపడేందుకు కొన్ని రోజులు ఆగుతారు; క్షీణిస్తుంటే ఆగరు. ‘ఈ రోజే ఎందుకు చేయరు?’ అని వైద్యునితో వాదులాడే బంధువులు ఈ మెలికను గ్రహించాలి.

రక్తపు గడ్డను కరిగించే మందులు, స్టెంట్లు రాకముందు నడిమి గోడ రంధ్రం నూటికి ఒకరిద్దరికి పడేది. నేడు సకాలంలో చికిత్స అందేచోట వేయికి ఇద్దరు ముగ్గురికే. ఆలస్యంగా వచ్చినవారికి, వృద్ధులకు, స్త్రీలకు, అదే తొలి గుండెపోటు అయినవారికి ముప్పు ఎక్కువ. ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి తెల్లవారేదాకా ఓర్చుకునే అమ్మీలు, ఖాలాలు మన ఇళ్లలో తక్కువా? పరామర్శకు వచ్చి పడక చుట్టూ గుమిగూడేవారి సందడిలో రోగి ఆయాసం ఎవరికీ కనబడకపోవడమూ ఉంది.

హఠాత్తుగా ఊపిరాడకపోవడం, వెల్లకిలా పడుకోలేకపోవడం, చల్లని చెమట, మూత్రం తగ్గడం, స్పృహ తప్పడం – వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రిలో ఉంటే నర్సును వెంటనే పిలవండి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా రోగిని నడిపించవద్దు. వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి, స్పృహ తప్పితే పడుకోబెట్టండి. డిశ్చార్జి కాగితం చేతిలో ఉంచుకుని, గుండెపోటు వచ్చి ఎన్ని రోజులైందో మొదటి మాటగా చెప్పండి.