పరకాయ ప్రవేశం

లినక్స్ టెర్మినల్‌లో ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారడాన్ని కొత్తవాళ్ళకి చెప్పాల్సి వస్తే నేను పరకాయ ప్రవేశం అంటాను. మనవాళ్ళకి ఆ ఒక్క మాట చాలు. ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లలకి మాత్రం ముందు శంకరాచార్యులూ అమరుక రాజూ కథ చెప్పాలి.

మంత్రం రెండక్షరాలే: ఎస్, యూ. 1971లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో వెలువడిన మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఇది ఉంది. ఇప్పుడైతే పక్కన ఎవరి పేరు రాస్తే వాళ్ళ ఖాతాలోకి వెళ్తాం. ఏ పేరూ రాయకపోతే తిన్నగా రూట్‌లోకి, అంటే రాజుగారి దేహంలోకే. అయితే చెప్పాల్సిన పాస్‌వర్డ్ మనది కాదు, వాళ్ళది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఉత్త ఎస్‌యూ కొడితే దేహం మారుతుంది గానీ నిలబడ్డ చోటు మారదు. మన డైరెక్టరీ, మన సెట్టింగులు చాలావరకు వెంట వస్తాయి. కాస్త ఖాళీ వదిలి ఒక అడ్డగీత పెడితే కొత్తగా లాగిన్ అయినట్టే; ఇల్లూ వాళ్ళదే, వాతావరణమూ వాళ్ళదే. రూట్‌లోకి వెళ్ళినా ఫలానా కమాండ్ దొరకడం లేదని వాపోయేవాళ్ళలో కొందరికి మందు ఆ గీతే.

అసలు చిక్కు వేరు. ఒకే రూట్ పాస్‌వర్డ్ పదిమందికి తెలిసిన ఆఫీసులో, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళారో లాగ్‌లో ఉంటుంది, లోపల ఏం చేశారో ఉండదు. తెల్లారేసరికి ఒక ఫోల్డర్ మాయమైతే చేసింది రూట్. రూట్ అంటే అందరూ. అందరూ అన్నప్పుడు వేలు సాధారణంగా కొత్తగా చేరినవాడి వైపే తిరుగుతుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి చూసుకోవాల్సిన హెచ్‌1బీ కుర్రాడికి అది చిన్న సంగతా?

అందుకే నేను సుడో పక్షం. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ మొదట రాశారు దీన్ని. ఇది మామూలుగా అడిగేది మన పాస్‌వర్డే. ఆ ఒక్క కమాండ్‌కే రాజుగారి అధికారం అరువిచ్చి, ఎవరు ఏం చేయమన్నారో పేరుతో సహా రాసిపెడుతుంది. చేయనివాడికి ఆ ఒక్క వరసే సాక్ష్యం. సుడోతోనే రూట్ షెల్ తెరుచుకుని కూర్చుంటే మాత్రం కథ మళ్ళీ మొదటికే.

రాజభోగాల్లో తానెవరో మరిచిన శంకరులకి శిష్యులొచ్చి పాడి గుర్తుచేశారట. మనకి ‘హూ యామ్ ఐ’ అనే కమాండ్ ఉంది. ఏదైనా చెరిపేముందు ఒకసారి అది కొట్టి చూడండి. పనయ్యాక ఎగ్జిట్ కొట్టి మరీ కుర్చీలోంచి లేవండి.