బీటీ పత్తి సరే, బీటీ ఎలుక ఉంటుందా?

మొన్న నరసరావుపేట దగ్గర మా అన్నయ్య పత్తి చేను చూడ్డానికి వెళ్లా. ఇంటర్ చదివే వాళ్లబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తి అడిగాడు: "బాబాయ్, పత్తికి జన్యువు ఎక్కించారుగా, ఎలుకకీ ఎక్కిస్తారా?"

ఎక్కిస్తారురా. మన గట్టు మీద తిరిగే ఎలుకకి కాదులే, ల్యాబ్‌లో పెంచే చిట్టెలుకకి. క్యాన్సర్, షుగర్ లాంటి జబ్బుల్లో ఏ జన్యువు ఏం చేస్తుందో చూడ్డానికి.

పాత పద్ధతి పెద్ద తతంగం. ఆడ ఎలుకలకి హార్మోన్లిచ్చి, చంపి, పిండాలు బయటికి తీస్తారు. మైక్రోస్కోప్ కింద సన్నటి గాజు సూదితో ఒక్కో పిండంలోకి డీఎన్ఏ గుచ్చుతారు. ఆ పిండాల్ని మళ్లీ ఇంకో తల్లి కడుపులో పెట్టాలి, దానికో ఆపరేషన్.

ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో సుబీర్ మజుందార్ బృందం పిండం జోలికే పోకుండా మగ ఎలుకని పట్టుకుంది. (ఈయనే తర్వాత మన హైదరాబాద్‌లో జంతు బయోటెక్నాలజీ సంస్థ ఎన్ఐఏబీకి డైరెక్టర్‌గా వచ్చారు.) వృషణాల్లో మూలకణాలుంటాయి. వీర్యకణం విత్తనమైతే, ఇవి ఆ విత్తనాలు కాస్తూనే ఉండే చెట్టు. అక్కడ డీఎన్ఏ ఇంజెక్ట్ చేసి చిన్న కరెంటు షాకులిస్తే, కణం పొరకి క్షణం పాటు రంధ్రాలు పడి డీఎన్ఏ లోపలికి పోతుంది. మూలకణంలో అది అతుక్కుందంటే, ఆ మగ ఎలుకని మామూలుగా జత కట్టిస్తే చాలు, కొన్ని పిల్లలు కొత్త జన్యువుతోనే పుడతాయి. వాటి పిల్లలకీ వెళ్తుంది. బీటీ విత్తనం హైబ్రిడ్ కాబట్టి ఏటా కొంటాం, ఇక్కడ ఆ బాధ లేదు.

2008లో నేచర్ మెథడ్స్‌లో వచ్చిన ఈ పద్ధతికి కోత తప్పలేదు, ఒక వృషణం తీసేయాల్సి వచ్చేది. ఇన్‌ఫెక్షన్ భయం, ఎలుక పిల్లల్ని కనలేకపోయే ప్రమాదం ఉండేవి. 2013లో వాళ్లే కోత లేకుండా, రెండు వృషణాల్లోకీ ఇంజెక్షన్‌తోనే పని జరిగేలా మార్చారు. నాకు నచ్చింది ఈ రెండో మెట్టే. అయితే జన్యువు క్రోమోజోముల్లో ఎక్కడ దిగుతుందో మన చేతిలో ఉండదు. అందుకే పుట్టిన ప్రతి పిల్లకీ టెస్ట్ చేయాలి.

"మరి జన్యువు దిగని పిల్లల్ని?" అన్నాడు వాడు.

చాలా ల్యాబుల్లో అక్కర్లేనివాటిని చంపేస్తారు.

"విత్తన పత్తిలో బెరుకులు పీకేసినట్టా?"

మొక్కయితే పీకి గట్టున పడేస్తాం, ఇది నొప్పి తెలిసే ప్రాణి. ప్రయోగానికి ముందు ఎన్ని జంతువులు కావాలో, ఎందుకో ఎథిక్స్ కమిటీకి చెప్పి అనుమతి తీసుకోవాలని మన దేశంలో రూల్ ఉంది. నన్నడిగితే, పేపర్ అచ్చయ్యేటప్పుడు జన్యువు దిగినవెన్నో చెప్పినట్టే, దిగక చంపేసినవెన్నో కూడా రాయాలి. వాడికి అదే చెప్పా.