డాక్టరుగారు చూడని వణుకు

డాక్టరుగారి ఎదుట కూర్చున్న పది నిమిషాల్లో చేతి వణుకు ఒక్కోసారి అంతగా కనిపించదు. ఒక్కోసారి కంగారుతో ఇంకా ఎక్కువవుతుంది. పార్కిన్సన్ వ్యాధితో వచ్చే చిక్కే ఇది. తెల్లవారుజామున మంచం మీద పక్కకు తిరగలేక పడిన అవస్థ వారికెలా తెలుస్తుంది?

ఇక్కడే స్మార్ట్‌ఫోను అక్కరకొస్తుంది. కదలికను పసిగట్టే చిన్న పరికరం అందులో ఉంటుంది. ఊరికే ఒళ్లో పెట్టుకున్న చెయ్యి సెకనుకు 4 నుంచి 6 సార్లు వణికినా లెక్కకట్టగలదు. 2015లో అమెరికాలో మొదలైన ‘ఎంపవర్’ పరిశోధనలో రోగులు మందుకు ముందూ తర్వాతా ఫోను తెరను వేళ్లతో తట్టేవారు, ‘ఆ...’ అని గొంతు వినిపించేవారు, కాస్త నడిచేవారు.

మీకు మామూలు వీడియో చాలు. లెవోడోపా మాత్రకు ముందొకటి, గంట తర్వాత ఇంకొకటి తీయండి. కుర్చీలోంచి లేచి నడవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కనిపించాలి. మాత్ర వేళ, భోజనం వేళ రాసుకోండి. మాంసకృత్తులు ఎక్కువైతే కొందరికి మందు సరిగా పట్టదు. తీసేది ఇంట్లో వేరొకరు సుమండీ! తాతగారు ససేమిరా అంటే ఆ రోజుకు వదిలేయండి.

వీడియో చూసి మాత్రలు మీరే పెంచకండి, ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు మార్చాలో, వేళ మార్చాలో మీ డాక్టరుగారు ఆ వీడియోలు చూసి చెబుతారు.